ఫ్యాక్స్ టోన్ ఇయ్యండి

తంతి ఆపీసుకు తెలుగు రాదు. మా అవ్వ ఈ మాటను కోపంగా అనేది కాదు, చెరువుకు కట్ట ఉంటాదన్నంత మామూలుగా అనేది. చావు కబురైనా పెళ్ళి కబురైనా తంతి కొట్టించాలంటే ముందు దాన్ని ఇంగ్లీషు చేయాల, లేదంటే తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లోకి దించాల. 1949లో హిందీ తంతులు మొదలైనాయి, అవి దేవనాగరిలో. మన లిపికి మాత్రం ఆ తీగమీద చోటు దొరకలేదు. 2013 జులైలో తంతి సేవను మూసేసినప్పుడు పేపర్లన్నీ దిగులుపడి రాసినాయి గానీ, మా ఇంట్లో ఎవరూ పెద్దగా బాధపడలేదు. మాకు గుర్తున్న తంతులన్నీ ఒకటే మాదిరి: ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’.

అందుకే మా ఇంటి కాగితాల చరిత్రలో ఫ్యాక్సుకు ఒక భాగం పెట్టాల్సిందే అనుకున్నాము. మా ఇంటికి సంబంధించినంతవరకు తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే టెలిఫోను తీగమీద పోయింది మొదట దాంట్లోనే. అదీ ఊరికే పోలేదు. మూడు రోజులు మమ్మల్ని ఏడిపించి, నాలుగో రాత్రి పోయింది.

మురుగమల్ల తెలియనివాళ్ళకు రెండు మాటలు. చింతామణి తాలూకా. 2007 దాకా కోలారు జిల్లా, ఆ తర్వాత చిక్కబళ్ళాపురం జిల్లా. ముక్తీశ్వరుని గుడీ, అమ్మాజాన్ బావాజాన్ దర్గా రెండూ ఉన్న ఊరు. మా తాలూకాలో ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు కన్నడ, కచేరీలో కాగితం కన్నడ. పక్కనే ఉండే కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు చెప్పినాడు. ఆయన తెలుగు కీర్తనల్ని కన్నడ అక్షరాల్లో చూసి పాడేవాళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. చెవికి తెలుగు, కంటికి కన్నడ. ఇది మాకు వింతగా ఎప్పుడూ తోచలేదు. మా ఆడపిల్లల్ని ఆంధ్రా వైపు ఇచ్చినప్పుడే దాని కష్టం తెలిసొచ్చేది. అక్కడ వాళ్ళకు పుట్టిన పిల్లలు కన్నడం చదవలేరు, ఇక్కడ మా పిల్లలు తెలుగు చదవలేరు. మాట్లాడుకుంటే మాత్రం ఒకటే భాష.

ఇంక ఫ్యాక్సు సంగతి. ఇది టెలిఫోను కంటే పాతది అంటే చానామంది నమ్మరు. అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లాండు గడియారాల పనివాడు 1843లోనే బొమ్మను తీగమీద పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గ్రాహంబెల్ టెలిఫోను పేటెంటు 1876. అయినా ఫ్యాక్సు అంగళ్ళలోకి రావడానికి ఇంకో నూరేండ్లు పైన పట్టింది. 1980లో గ్రూప్ 3 అనే ప్రమాణం ఒప్పుకున్నాక, ఏ కంపెనీ మిషనైనా ఏ కంపెనీ మిషనుతోనైనా మాట్లాడగలిగింది. ఆ ప్రమాణం ప్రకారం కాగితం మీద ఒక్కో అడ్డగీత 1,728 చుక్కలు. అంగుళానికి 98 గీతలు, నాణ్యంగా కావాలంటే 196. ఒక ఏ4 పేజీ అంటే దగ్గర దగ్గర 20 లక్షల చుక్కలు, ఒక్కో చుక్కా నలుపా తెలుపా అన్నదే లెక్క. అది ‘అ’నా, ‘ఏ’నా, వేలిముద్రా అని మిషను అడగదు. తంతి ఆపీసుకు రాని తెలుగు దీనికీ రాదు, కానీ రావాల్సిన పని లేదు.

ఊళ్ళకు ఫోను రావడం ఇంకో కథ. 1984లో సీడాట్ సంస్థ పెట్టినారు, శ్యాం పిట్రోడా పేరు అందరికీ తెలిసిందే. వాళ్ళు చేసిన చిన్న పల్లె ఎక్స్ఛేంజి మొదట పెట్టింది మన కర్ణాటకలోనే, కిత్తూరులో, 1986లో. ఎండలకూ దుమ్ముకూ ఓర్చుకొని, చల్లటి ఏసీ గది లేకుండా నడిచే ఎక్స్ఛేంజి అది. అంతకుముందు ట్రంకుకాల్ బుక్ చేసి పొద్దంతా కాచుకొని కూర్చునేవాళ్ళు. తొంభైలు వచ్చేసరికి పసుపురంగు బోర్డుల ఎస్టీడీ బూతులు బస్టాండు చుట్టూ మొలిచినాయి. చింతామణి కోడు 08154, బాగేపల్లిది 08150, కోలారుది 08152. మా ఈడువాళ్ళకు ఇవి ఇప్పటికీ నోటికి వస్తాయి. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు చార్జీ. ఆ పొద్దులో బూతు ముందర జనం సినిమా టికెట్లకు నిలబడినట్టు నిలబడేవాళ్ళు. కొన్ని బూతుల్లో ఫ్యాక్సు మిషను కూడా ఉండేది, తువ్వాల కప్పి పెట్టేవాళ్ళు.

కంప్యూటరుకే ఫ్యాక్సు నేర్పించవచ్చు అన్న ఆలోచన 1985లో అమెరికాలో గామాఫ్యాక్స్ అనే కార్డుతో మొదలైంది. తొంభైల మధ్యకు ఏ మోడెం కొన్నా అది ఫ్యాక్సు మోడెమే. విండోస్ 95లో ఫ్యాక్సు పంపే ప్రోగ్రాం దాంతోనే వచ్చేది. కంప్యూటరులో అది ఒక ప్రింటరు మాదిరి కనిపిస్తుంది. ప్రింటు కొడితే కాగితం బయటికి రాదు, చుక్కలై ఫోను తీగలోకి పోతుంది.

తెలుగువాళ్ళకు ఇందులో ఒక పెద్ద లాభం ఉండేది, దాన్ని ఎవరూ ఎక్కడా రాసినట్టు మేము చూడలేదు. ఆ రోజుల్లో ఈమెయిలుకు తెలుగు పోదు. డీటీపీ అంగళ్ళలో శ్రీలిపి, అను వంటి ఫాంట్లు ఉండేవి. కానీ ఒకరి ఫాంటు ఇంకొకరి దగ్గర లేకపోతే తెరమీద వచ్చేది పిచ్చిగీతలే. అమెరికాలో తెలుగువాళ్ళు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు రాసుకొనేవాళ్ళు. తంతి కాలం పద్ధతే మళ్ళీ, కొంచెం శాస్త్రంగా. యూనికోడులో తెలుగు 1991 నుంచే ఉన్నా, మామూలు కంప్యూటరులో గౌతమి ఫాంటుతో అది కనిపించింది విండోస్ ఎక్స్‌పీ వచ్చినాకనే, 2001లో. ఈ నడుమ కాలంలో ఫ్యాక్సు మోడెం అచ్చు తెలుగును అచ్చు తెలుగుగా పంపింది. అవతలివాళ్ళ దగ్గర ఫాంటు ఉండాల్సిన పని లేదు, కంప్యూటరు కూడా ఉండాల్సిన పని లేదు.

1998లో మా ఇంట్లో పారీఖత్తు జరిగింది. తాత పోయినాక ఆయన స్వార్జితం భూమి పంచుకోవాల. 1956 వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ అందులో వంతు ఉంది కాబట్టి మా అత్త చేవ్రాలు కావాల. అత్త అప్పటికి విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉండేది. పత్రం కన్నడంలో తయారైంది. ఫోనులో పెదనాయన మొత్తం చదివి వినిపించినాడు. అత్త అంతా విని అన్న మాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: “చదివి వినిపిస్తే సాలదు అన్నా. కాగితం నా కంటికి కనబడాల. కంటికి కనబడనిదానికి చేవ్రాలు పెట్టేదానికి నేను రైలెక్కి రాను.”

తెలుగు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి, కూడబలుక్కొని చదివేయొచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. బస్సు బోర్డు అట్లా చదవొచ్చు. సర్వే నంబర్లూ చెక్కుబందీ ఉండే కాగితాన్ని పోలికలమీద చదివేది కుదరదు. అత్త మొండికేసిందని కొందరన్నా, మా లెక్కన ఆమె అడిగింది న్యాయమే. అందుకని ఆ పత్రాన్ని తెలుగులోకి రాయించి, డీటీపీ చేయించి, మూడు పేజీలు ఫ్లాపీలో తెచ్చుకున్నాము. పోస్టులో పంపితే నాలుగైదు రోజులు, ముహూర్తం అంతకంటే దగ్గర. చింతామణిలో మా అంగట్లో కంప్యూటరు ఉంది, మోడెం ఉంది. బెంగళూరుకు ఎస్టీడీ కలిపి ఇంటర్నెట్టు చూసుకొనేవాళ్ళం కూడా. ఇంక ఫ్యాక్సు పోకుండా ఎందుకుంటాది అనుకున్నారు అందరూ.

పోలేదు.

మొదటి రోజు తెరమీద ఒకటే మాట: ‘నో డయల్‌టోన్’. ఫోను ఎత్తి చూస్తే టోను నిక్షేపంగా వినిపిస్తోంది. మనిషి చెవికి వినిపించేది మోడెం చెవికి ఎందుకు వినిపించదు? దానికి కారణం చెప్పుకుంటే నవ్వొస్తుంది. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిపి. మన దేశంలో 400 హెర్ట్జ్ స్వరాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపి వినిపిస్తారు, అందుకే మన టోనులో ఆ గుర్రుమనే శబ్దం. అమెరికా టోను కోసం చెవి పెట్టుకొని కూర్చున్న మోడెముకు మన టోను టోనే కాదు. దీనికి మందు చిన్నది: ఏటీఎక్స్3 అనే ఆజ్ఞ. ‘టోను కోసం కాచుకోవద్దు, నేరుగా నంబరు కొట్టు’ అని దానర్థం. విండోసులో మోడెం సెట్టింగుల్లో ‘డయల్ టోన్ వచ్చేదాకా ఆగు’ అన్న గడిలో టిక్కు తీసేసినా అదే పని. ఇంటర్నెట్టు ప్రోగ్రాములో ఈ ఆజ్ఞ ముందే రాసిపెట్టి ఉండింది, ఫ్యాక్సు ప్రోగ్రాములో లేదు. ఒకటి పని చేసి ఇంకొకటి చేయకపోవడానికి సగం కారణం అక్కడే తేలింది.

పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీల కింద ఉండేవాళ్ళకు ఇంకో ఇబ్బంది. అవి టకటకమనే పల్సులే అర్థం చేసుకుంటాయి, పీపీమనే టోన్లు కాదు. వాళ్ళు ఏటీడీటీకి బదులు ఏటీడీపీ పెట్టుకోవాల. మాది అప్పటికే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి కాబట్టి ఆ బాధ తప్పింది.

రెండో రోజు నంబరు కొట్టింది, అవతల మోగింది, ఎవరో ఎత్తినారు. ఎత్తి, “హలో... హలో... ఎవరండీ?” అన్నారు. మోడెం దానికి జవాబుగా మూడేసి సెకన్లకు ఒకసారి కీచుమంది. అది 1,100 హెర్ట్జ్ శబ్దం, ‘నేను ఫ్యాక్సును’ అని చెప్పుకోవడం. అవతలాయన “ఏదో పీకుతోంది” అని పెట్టేసినాడు. ఇట్లా ఆరుసార్లు.

ఇది మన దేశం తరహా గోడు.  మన దగ్గర చానా బూతుల్లో ఉండేది ఒకటే లైను, దానిమీదే మాట, దానిమీదే ఫ్యాక్సు. అందుకే మన దేశమంతా ఒక మర్యాద పుట్టింది. ముందు మనిషితో మాట్లాడాల, “ఫ్యాక్స్ టోన్ ఇయ్యండి” అని అడగాల, అవతలివాళ్ళు స్టార్టు మీట నొక్కాల, ఆ కూత వినపడినాక మనం మన మీట నొక్కి ఫోను పెట్టేయాల. మిషను దగ్గర నిలబడితే ఇది సులువు. మోడెముకు ఈ మర్యాద తెలియదు. చేత్తో పంపే పద్ధతి కొన్ని ప్రోగ్రాముల్లో ఉంటుంది: మనమే ఫోనులో నంబరు కొట్టి, టోను అడిగి, కూత రాగానే ‘సెండ్’ నొక్కితే మోడెం లైను అందుకుంటుంది. ఫోను, మోడెం రెండూ ఒకే లైనుమీద ఉండాల, మోడెం అందుకున్న తర్వాతనే ఫోను పెట్టాల. ఒక్క క్షణం ముందు పెట్టినా లైను తెగిపోతాది.

విశాఖ బూతాయన మంచివాడు. ఏడోసారి మేము ఫోను చేసేసరికి “కర్ణాటక వాళ్ళా, చెప్పండి సార్, టోనేనా?” అన్నాడు. ఆ రోజు కూతకు కూత కలిసింది. కలిసి, పావు పేజీ పోయి, ఆగిపోయింది.

మూడో రోజంతా ఈ పావు పేజీ మీదనే. ఇక్కడ ఒక్క సంగతి కొంచెం నిదానంగా చెప్పాల, ఎందుకంటే ఈ రోజుకీ ఫ్యాక్సుతో కొట్లాడే మన అమెరికా చుట్టాలకు కూడా ఇది పనికొస్తుంది. ఇంటర్నెట్టు బాగా వస్తోంది కాబట్టి లైను బాగుంది అనుకోవడం సరి కాదు. ఇంటర్నెట్టు కోసం మోడెం మాట్లాడేటప్పుడు తప్పు పోయిన ముక్కను మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది, మనకు ఆ సంగతే తెలియదు. మామూలు ఫ్యాక్సుకు ఆ వెసులుబాటు లేదు. చుక్కలు వరసగా పోతానే ఉండాల, నడుమ ఆగకూడదు, ఆగితే అవతలి మిషను లైను పోయిందనుకుంటుంది. మొదట రెండూ నిదానంగా, సెకనుకు 300 బిట్ల వేగంతో, పలకరించుకుంటాయి. తర్వాత పంపేది ఒకటిన్నర సెకను సేపు వట్టి సున్నాలు పంపి లైనును పరీక్ష చేస్తుంది. బాగుంటే 14,400 వేగం, లేదంటే 9,600, 7,200, 4,800, ఆఖరుకు 2,400. పరీక్షలో నెగ్గి, పేజీ నడుమ గురగుర వస్తే మాత్రం వేగం తగ్గదు, పేజీ చెడుతుంది.

మా లైను సంగతి తెలిసిందే. స్తంభాల మీద తీగ, అక్కడక్కడా చేత్తో మెలిపెట్టిన అతుకులు, పక్కనే కరెంటు తీగలు. వానొస్తే గుర్రు, ఎండకొస్తే బుస్సు. దీనికితోడు మా కంప్యూటరులో ఇంకో దయ్యం ఉండేది. మౌసు కామ్1లో, మోడెం కామ్3లో. ఆ కాలం కంప్యూటర్లలో ఈ రెండూ ఒకే నాలుగో నంబరు పిలుపును పంచుకుంటాయి. ఫ్యాక్సు పోతోందా లేదా అని ఆతురపడి ఎవరైనా మౌసు కదిలిస్తే మోడెం చేతిలో పని వదిలేసేది. అంటే మేము ఎంత శ్రద్ధగా చూస్తే అంత తొందరగా చెడేది! కార్డు మీద జంపరు మార్చి మోడెమును కామ్2కు తెచ్చినాక ఆ పీడ వదిలింది. మా మోడెం క్లాస్ 1 రకం. అంటే సమయం లెక్కలన్నీ మోడెం కాకుండా కంప్యూటరే చూసుకోవాల. వెనక ఇంకేదైనా ప్రోగ్రాం నడుస్తుంటే తడబడుతుంది. కాబట్టి అన్నీ మూసేసి, స్క్రీన్‌సేవరు కూడా తీసేసి, వేగాన్ని చేత్తో 4,800కు కట్టేసినాము.

నాలుగో రాత్రి పదకొండు దాటినాక, పావు చార్జీలో, మూడు పేజీలూ పోయినాయి. ఎనిమిది నిమిషాల పైన పట్టింది. అత్త, ఆమె కొడుకు బూతులోనే కాచుకొని ఉన్నారు.

అరగంటకు చింతామణి బస్టాండు బూతుకు అత్త తిరుగు ఫ్యాక్సు వచ్చింది. సొంత చేతిరాత, తెలుగులో, నాలుగే వరసలు. తూరుపు చేనుకు చెక్కుబందీ రాసినారు గానీ బావిలో నీళ్ళ వంతు ఎక్కడా రాయలేదు, బావి ఎవరి పాలికి పోయిందో ఆ చేను బతుకు వాళ్ళ చేతిలో ఉంటాది, అది రాస్తేనే వస్తాను అని. తెలుగు ప్రతిలోనే కాదు, అసలు కన్నడ పత్రంలోనూ బావి లేదు. ఫోనులో రెండుసార్లు చదివి వినిపించినప్పుడు అది ఎవరి చెవికీ అందలేదు. పత్రం మళ్ళీ రాయించినారు, బావి వంతులు వారాల లెక్కన చేరినాయి, అత్త రైలెక్కి వచ్చింది.

ఇప్పుడు ఆ కాగితాల సంగతి. మేము పంపిన మూడు పేజీలూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. విండోస్ 95 ఫ్యాక్సు వాటిని ఏడబ్ల్యూడీ అనే రకం ఫైళ్ళుగా దాచుకొనింది. ఇప్పటి కంప్యూటర్లు వాటిని తెరవవు. పాత విండోసును ఒక కంప్యూటరులో నడిపి, అందులోని ఇమేజింగ్ ప్రోగ్రాముతో తెరిచి, టిఫ్ ఫైళ్ళుగా మార్చుకున్నాము. మీ ఇండ్లలో పాత ఫ్లాపీల మీద అట్లాంటి ఫైళ్ళుంటే పారేయొద్దు.

అత్త రాసిన కాగితం మాత్రం తెల్లగా అయిపోయింది. బూతు మిషన్లలో వాడింది థర్మల్ కాగితం. సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. అది ఎండకు, వేడికి, ప్లాస్టిక్ కవరుకు, అంటించిన టేపుకు వెలిసిపోతాది. మా తాత 1930లలో సిరాతో రాసిన లెక్కల పుస్తకాలు చక్కగా చదవొస్తున్నాయి. 1990లలో వచ్చిన ఫ్యాక్సుల్లో సగం బోసిగా ఉన్నాయి. మీ దగ్గర ఇట్లాంటివి ఉంటే ప్లాస్టిక్ కవర్లనుంచి తీసి, మామూలు కాగితాల నడుమ, చీకట్లో పెట్టండి. ఈ వారమే స్కాను చేయండి, నలుపు తెలుపులో కాదు, రంగుల్లో. కంటికి కనపడని గీత నీలం పొరను విడదీస్తే కొన్నిసార్లు తేలుతుంది. వేడి చేస్తే అక్షరాలు తిరిగొస్తాయని ఎవరైనా చెబితే వినొద్దు, కాగితం మొత్తం నల్లబడుతుంది.

అమెరికాలో డాక్టరు ఆపీసులు ఇంకా ఫ్యాక్సు అడుగుతాయని మా పిల్లలు చెబుతారు. ఇంటర్నెట్టు ఫోను లైనుమీద పంపేవాళ్ళు వేగం 9,600కు తగ్గించి చూడండి, చానాసార్లు అది చాలు.

అత్త చేతిరాతకు ఒక జెరాక్సు మిగిలింది. పత్రం తిరిగి రాయడానికి ఇచ్చినప్పుడు తీయించింది, పహణీల సంచీలో దొరికింది. నాలుగు వరసల్లో మూడు పూర్తిగా చదవొస్తాయి. నాలుగో వరసలో ‘బావి’ అన్న మాటా, కింద ఆమె చేవ్రాలూ కనబడతాయి.